అరవై అంగల మాట

శామీర్‌పేట కాపురస్థుడు, కీర్తిశేషులు ఇమామ్ సాబ్ కొడుకు షేక్ గఫూర్ అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. కోపంలో రాయించాడని రేపు నా కొడుకు అనవచ్చు. అవును, కోపంలోనే రాయిస్తున్నాను. కోపం పిచ్చి కాదు. ఉర్దూలో కాక తెలుగులో ఎందుకంటే, ఇది మొదట వినవలసిన, నాతో వేటకు తిరిగిన మొగులయ్యకు ఉర్దూ అంతగా అర్థం కాదు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మేడ్చల్ స్టేషన్ దగ్గర సైకిలు దుకాణం నడిపే నా దోస్తు చోటే మియాది. అతను బద్ధకస్తుడే గాని దొంగ కాదు.

2. కింద రాసినవి పోను ఇల్లు, రెండెకరాల పొలం, మేకలు మా షరియత్ ప్రకారం నా భార్య రుఖియాకు, కొడుకు మన్నాన్‌కు, కూతురు జహేదాకు ఎవరి వాటా వారికి చెందాలి. అందులో నేను వేలు పెట్టను. వారసులు కాని వారికి మూడో వంతు దాకా ఇచ్చే హక్కు నాకుంది. ఆ హక్కును పూర్తిగా వాడుకుంటున్నాను.

3. జహేదాకు నా రాగి బదనా చెంబు. చిన్నప్పుడు నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే నా వజూకు అందులోనే నీళ్లు తెచ్చేది, సగం దారిలోనే ఒలకబోసేది. ఇది వాటా కింద లెక్క కాదు, ఎవరైనా అడ్డం చెబితే సిగ్గుపడాలి.

4. నా పాయింట్ టూ టూ రైఫిలు, మిగిలిన ముప్పై ఒక్క తూటాలు మన్నాన్ చేతికి పోకూడదు. నవాబు గారి షికారులో ఇరవై ఏళ్లు పని చేసినందుకు వచ్చిన రైఫిలు అది. చోటే మియా దాన్ని లైసెన్సున్న వారికి అమ్మి, వచ్చిన దానితో మొగులయ్యకు ఒక పాడి బర్రెను కొనివ్వాలి. బర్రెను మొగులయ్య భార్య సిద్దమ్మ చూసి ఎంచుకోవాలి, చోటే మియా కాదు.

5. చెరువు కింది నా పొలంలో బర్రె ఖరీదు పోను నా మూడో వంతులో ఎంత మిగిలితే అంత మొగులయ్య పేర పట్టా చేయాలి. ఎందుకని ఊరు అడుగుతుంది. అడగాలనే రాయిస్తున్నాను.

ముప్పై ఏళ్లు నేను తుపాకి పట్టాను, మొగులయ్య నా పక్కన నడిచాడు. కుందేలు పడగానే నేనున్న చోటి నుంచి అది పడిన చోటు దాకా అంగలు పైకి లెక్కపెట్టుకుంటూ పరుగెత్తేవాడు. ఆ లెక్కల వల్లే నాకు తెలిసింది: ఈ చిన్న తూటాతో కుందేలును అరవై అంగల లోపల కొడితేనే పడుతుంది. అది దాటితే దెబ్బ తిని, పొదలో దూరి, అక్కడెక్కడో కుళ్లి చస్తుంది. అరవై దాటితే తుపాకి దించమని ఊళ్లో ప్రతి మొనగాడికీ చెప్పాను. వినేవాడేడీ?

ఇంకో సంగతి. కుందేలు ప్రాణంతో ఉండగా నేను బిస్మిల్లా అని కోస్తేనే మా ఇంటికి హలాల్. ముందే చస్తే అది మొగులయ్య ఇంటి కూర. కాస్త నెమ్మదిగా నడిస్తే రోజూ అతని పొయ్యి మీదే ఉడికేది. అయినా ఉరికేవాడు, దాన్ని పట్టుకుని, "సాబ్, జల్ది రాండ్రి! పానమున్నది!" అని అరిచేవాడు. తన కూర తానే పోగొట్టుకుంటూ అరిచేవాడు. అట్లాంటి మనిషిని ఈ ఊరు అబద్ధాలకోరు అన్నది. థూ!

6. ఇప్పుడు అసలు సంగతి. ఇది రాస్తున్న గౌరయ్య పంతులు ఈ అంశం వద్దన్నాడు. రాయి పంతులూ, నీకేం పోయింది అన్నాను.

మూడేళ్ల కింద నా కొడుకు మన్నాన్ పట్నం దోస్తుల ముందు గొప్పలు పోయి, చెరువులో ఎంతో దూరాన ఉన్న నీటికోళ్ల మీద నా రైఫిలు పేల్చాడు. ఒక్క కోడి పడలేదు. తూటా నీటిని తాకి, పిల్లలు విసిరిన పెంకులాగా పైకి గెంతి, అవతలి గట్టున తుంగ కోస్తున్న మొగులయ్య మోకాలిలో దిగింది.

చావిడిలో పంచాయితీ పెట్టారు. నా కొడుకు నిలబడి ఏమన్నాడు? "మా అబ్బానే జెప్తడు గద, అరవై అంగలు దాటితె గీ బందూక్ పన్జెయ్యదని. గంత దూరం నా తూటా ఎట్ల పోతది?" అన్నాడు. నా మాటను నా ముందే అడ్డం పెట్టుకున్నాడు, బేషరమ్! తూటాల డబ్బా మీద ఇంగ్లీషులో ఉన్నది, మైలు దూరం దాకా ప్రమాదమని. కొన్న రోజున దాన్ని నాకు చదివి చెప్పింది వాడే.

పెద్దమనిషి బాలనర్సయ్య నా వైపు తిరిగి, అరవై అంగల మాట నిజమేనా గఫూర్ సాబ్ అని అడిగాడు. నిజమే అన్నాను. అంతే అన్నాను. అరవై అంగలు కుందేలును కొట్టే దూరం. మనిషిని కుంటివాణ్ణి చేసే దూరం వేరే ఉంది. ఆ రెండో సగం నేను మింగేశాను. మన్నాన్‌కు సర్కారు నౌకరీ ఖాయమయ్యే రోజులవి. మొగులయ్య మొద్దు మీద పడి మోకాలు పొడుచుకుని, మా ఇంటి మీద నింద వేశాడని తీర్పు చెప్పారు. అతను నా ముఖం వైపు ఒక్కసారి చూసి, కర్ర పట్టుకుని పోయాడు. ఆ తర్వాత రుఖియా మా ఇంట్లో కుందేలు వండలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఏడు నెలలకు పుండు పగిలి తూటా బయటపడింది. సిద్దమ్మ దాన్ని కొంగున కట్టుకుని వచ్చి నా గడప మీద పెట్టింది. "గిది మీ ఇంటిదే సాబ్, మీ ఇంట్లనే ఉంచుకోండ్రి" అన్నది. అప్పుడైనా నోరు తెరిచానా? లేదు. నా కొడుకును తిట్టడానికి ఇంత కాగితం ఖర్చు చేశాను గాని, వాడి కంటే నేనే నీచుణ్ణి. వాడు భయపడి అబద్ధమాడాడు. నేను తెలిసి నిజంలో సగమే చెప్పాను.

ఈ ఎండాకాలం చెరువు బాగా వెనక్కి పోయింది. మన్నాన్ నిలబడిన బండ నుంచి మొగులయ్య పడిన చోటికి, ఎండిన చెరువు మీదుగా ఒక్కణ్ణే లెక్కపెట్టుకుంటూ నడిచాను. మూడు వందల తొంభై ఐదు అని పైకే అన్నాను. గట్టు మీద మొగులయ్య కూర్చుని ఉన్నాడు. మూడేళ్లలో నాతో మాట్లాడడం అదే మొదలు. "ఒకటి ఎక్కువొచ్చింది సాబ్. గుంట కాడ ఒక్కంగ రెండుసార్లు లెక్కవెట్టిన్రు" అన్నాడు. తన కాలు పోయిన దూరానికి ఒక్క అంగ కూడా ఎక్కువ ఒప్పుకోలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

7. వీలునామా చచ్చాక చదువుతారు. ఇది అట్లా కాదు. చచ్చాక నిజం చెప్పడానికి దమ్మెందుకు? వచ్చే శుక్రవారం నమాజు తర్వాత అదే చావిడిలో మొగులయ్యను కూర్చోబెట్టి, నేను నిలబడి ఆరో అంశం చదివిస్తాను. ఈలోగా నాకేమైనా అయితే చోటే మియా చదివించాలి.

8. కొడుకు మన్నాన్‌కు, వాటా కాక, సిద్దమ్మ తెచ్చిన తూటా. ఒక పక్క చదునైంది, నీటిని తాకిన పక్క. అది మూడు వందల తొంభై నాలుగు అంగలు పోయింది.

శామీర్‌పేట, ఫసలీ 1353, తీర్ నెల 15. ఇంగ్లీషు లెక్కన 1944 మే.

షేక్ గఫూర్ (సంతకం)

వ్రాసినది: గౌరయ్య పంతులు

సాక్షులు:
చోటే మియా, మేడ్చల్
బాలనర్సయ్య, శామీర్‌పేట. మొత్తం చదివించుకుని, ఆరో అంశం రెండోసారి చదవమని, విన్నాక సంతకం చేసినాడు.