దొరసాని, గుమాస్తా, ఒక వాల్వు

రెండో తారీఖు

ప్రియమైన అక్కకి,

గాజుపెట్టె వచ్చేసింది! నూట ఇరవై లీటర్లది. ఇద్దరు మోసుకొచ్చి హాల్లో గోడవారన దించారు. కౌంటర్లో కూర్చునే టైపు చేస్తున్నా, ఎవరైనా పైపులకొస్తే మధ్యలో ఆగిపోతా, తిట్టుకోకు.

నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ నాకు కాలు నిలవట్లేదు. కొత్తింటి ఓనరు మేడ మీద అంత బరువు వద్దన్నాడు, సరే. వచ్చే నెల ఇరవైకల్లా నీ ట్యాంకు ఖాళీ చెయ్యాలి, అదీ సరే. గాజూ రాళ్ళూ హోటలాయన తీసుకుంటాడు, తీసుకోనీ. కానీ తొమ్మిదేళ్ళు పెంచిన దొరసాని, దాని వెనకే తోకలా తిరిగే ఆ బక్క మొగుడు గుమాస్తా... హోటల్ వరండాలో సూట్‌కేసుల మధ్యనా? కుదరదు. రెండు చేపలూ, నీ ట్యాంకులో బతుకుతున్న పగడాలూ నా ఇంటికే రావాలి. నలభై ఎనిమిది రోజులుంది. నేను రెడీ చేస్తా!

ఉండు, ఎవరో వచ్చారు.

ఆ, వచ్చా. పైపు వంపుకేసే ఎల్బో ఒకటి కొని అరగంట బేరమాడాడు. ఏం చెప్తున్నా? పైపుల పని నిన్న సాయంత్రమే అయిపోయింది. కింద పంపు, పైకి పైపు, మధ్యలో వాల్వు. షాపులో ఉన్నవాటిల్లోకెల్లా ఖరీదైనది వేశా, తళతళా మెరుస్తోంది. ఊళ్ళో సగం ఇళ్ళకి నీళ్ళు నా సామాన్లలోంచే వస్తున్నాయి, నాకిది ఓ లెక్కా! మీ మరదలు ఉప్పు కలిపింది. ఉప్పదనం కొలిచే గొట్టం ఇరవై ఐదు దగ్గర ఆగింది, సరిగ్గా నువ్వు చెప్పినట్టే. ఇప్పుడేం వెయ్యాలి? తొందరగా రాయి.

నీ తమ్ముడు

*

ఐదో తారీఖు

ప్రియమైన తొందరబాబుకి,

ఇప్పుడేమీ వెయ్యవు. ఆగుతావు.

పొడి రాళ్ళూ ఇసుకా పరిచావు కదా, రోజూ చిటికెడు చేపమేత వేసి కుళ్ళనివ్వు. కుళ్ళుని తినే సూక్ష్మజీవులు రాళ్ళల్లో కాపురం పెట్టాలి. దానికి ఐదు వారాలు. కుళ్ళులోంచి పుట్టే విషాలు, అమోనియా, నైట్రైట్, రెండూ సున్నాకొచ్చాక ఆరు నత్తలు వెయ్యి. అవి బతికితే మావాళ్ళు వస్తారు, లేకపోతే రారు. ల్యాబులో పాతికేళ్ళుగా రక్తాలు పరీక్షిస్తున్నా, ఒక్కరోజు కూడా అంచనా మీద రిపోర్టు రాయలేదు. నువ్వూ అంచనాలు వెయ్యకు.

గుమాస్తా నిన్న దొరసాని కంటే ముందు మేత అందుకున్నాడు. మూల దాకా తరిమి కొట్టింది. ఇక్కడ ఇంకేం విశేషాల్లేవు. మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

*

తర్వాతి నెల, ఆరో తారీఖు

ప్రియమైన అక్కకి,

సున్నా! సున్నా! రెండూ సున్నా! నాలుగుసార్లు చూశా. మీ మరదలు గొట్టం లాక్కుని ఐదోసారి చూసింది. ఈ నెల రోజులూ ఖాళీ నీళ్ళని గుడ్లప్పగించి చూస్తుంటే "సినిమా ఎప్పుడు మొదలవుతుందండీ" అని ఆవిడ ఒకటే ఎగతాళి. ఇవాళ తనే పక్కింటి ఎలక్ట్రీషియన్ని పిలిచి మరీ చూపించింది. అతను చేపలేవీ అన్నాడు. ఇరవయ్యో తారీఖు రమ్మన్నాం, దర్జాగా!

మూడు రోజుల కిందటే సున్నాకొచ్చింది, అప్పుడే నత్తలు వేసేశా. ఒకటి వెయ్యగానే గాజెక్కేసింది, ఎంత ముచ్చటేసిందో! ఇప్పుడు కొంచెం బద్ధకంగా ఉన్నాయిలే, కొత్త ఇల్లు కదా. నువ్వు నీ వాళ్ళకి పెట్టే బేడా సర్దెయ్. పగడాలకి అరల్లా రాళ్ళు పేర్చా, ఏది ఎక్కడుండాలో కాగితం మీద గీసి పెట్టా కూడా.

నీ తమ్ముడు

*

తొమ్మిదో తారీఖు

ప్రియమైన తొందరబాబుకి,

బద్ధకంగా అంటే ఏంటి? గాజుని పట్టుకుని ఉన్నాయా, వదిలేసి పడిపోతున్నాయా? ఎన్ని వేశావు, ఎన్ని ఉన్నాయి? నాకు అంకెలు రాయి.

ఇంకోటి. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివా. వాల్వు మెరుస్తోందన్నావు. ప్లాస్టిక్ అలా మెరవదు. అప్పుడే పట్టుకోవాల్సింది, నాదీ తప్పే. దేంతో చేసిందిరా అది? రాగి పరీక్ష చేసే చుక్కలమందు చేపల షాపులో దొరుకుతుంది. ఇవాళే తెచ్చి చూడు.

హోటలాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. చేపల్ని కూడా ఇవ్వమంటున్నాడు. చూసుకోడానికి జీతమిచ్చి మనిషిని పెట్టాట్ట.

అక్క

*

పన్నెండో తారీఖు

ప్రియమైన అక్కకి,

ఈసారి కౌంటర్లోంచి రాయట్లేదు. షట్టరు దించి రాస్తున్నా.

అంకెలడిగావు. ఆరు వేశా. ఆరూ చచ్చాయి. నీకు ఉత్తరం రాసేటప్పటికే నాలుగు పోయాయి. నువ్వెక్కడ వద్దంటావోనని గప్‌చుప్‌గా ఇంకో ఆరు తెచ్చి వేశా. వాటిల్లో మూడు పోయాయి. మిగిలిన మూడింటినీ మీ మరదలు గిన్నెలో కొత్త ఉప్పునీళ్ళు కలిపి అందులోకి మార్చింది.

వాల్వు ఇత్తడిది. ఇత్తడంటే సగం పైన రాగే కదా. ఉప్పునీళ్ళలో ఆ రాగి కరుగుతుందని, నత్తలకీ పగడాలకీ అది విషమని నాకు తట్టనే లేదు. మన ఇంట్లో ప్లాస్టిక్ ఏంటి, నలుగురూ నవ్వరూ అని నా చేత్తో నేనే బిగించా. చుక్కలు వేస్తే నీళ్ళు రంగు మారాయి. రాళ్ళూ ఇసుకా కూడా రాగిని పీల్చేసుకుని ఉంటాయి, ఎంత కడిగినా నమ్మలేమన్నాడు చేపల షాపాయన. కొత్త రాళ్ళు తెస్తే మళ్ళీ ఐదు వారాలు. మనకున్నది ఎనిమిది రోజులు.

పంపకక్కా. హోటలాయనకే ఇచ్చెయ్. అక్కడ సూట్‌కేసులున్నా కనీసం తెలిసినవాడు చూసుకుంటాడు. నేను గీసిన కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది, తియ్యబుద్ధి కావట్లేదు. నత్తల సంగతి దాచినందుకు తిట్టు, పడతా.

తమ్ముడు

*

పధ్నాలుగో తారీఖు

ప్రియమైన తొందరబాబుకి,

తిట్లు మనిషెదురుగా ఉంటేనే బాగుంటాయి. వచ్చి తిడతా.

నీకు చెప్పనిది ఒకటుంది. బద్ధకం అని రాశావు చూడు, అది చదివిన రోజే హోటలాయనకి చేపలూ పగడాలూ ఇస్తానని మాటిచ్చేశా. నువ్వు దాస్తున్నావని తెలిసిపోయింది. దాచేవాడి చేతిలో ప్రాణాలెలా పెట్టను? నువ్వే ఒప్పుకునేదాకా నీకు చెప్పకూడదనుకున్నా. నేనూ దాచినదాన్నే, లెక్క సరి.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. పంపకు అన్నావు. అంత ఆశ పెట్టుకుని ఆ మాట రాయడం నీకెంత కష్టమో నాకు తెలీదా? చదివి, వెంటనే హోటలాయనకి ఫోన్ చేసి ఏదీ ఇవ్వనని చెప్పేశా. నా రాళ్ళు కూడా. విసుక్కున్నాడు, విసుక్కోనీ.

ఇప్పుడు విను. తొమ్మిదేళ్ళుగా ఆ కుళ్ళు తినే సూక్ష్మజీవులు కాపురముంటున్నది నా రాళ్ళల్లోనే. ఉప్పునీళ్ళ డబ్బాల్లో ముంచి తెస్తే నీకు ఐదు వారాలతో పనిలేదు. నీ పాత గాజుపెట్టె, రాళ్ళు, ఇసుక, పంపు, పైపులు, ఒక్కటి మిగలకుండా ఇంట్లోంచి తీసెయ్. కొత్త పెట్టె, కొత్త పంపు, ప్లాస్టిక్ పైపు, ప్లాస్టిక్ వాల్వు. నీళ్ళు కలిపి రాగి పరీక్ష చేసి, రంగు మారకపోతే ఫోటో పంపు. ఫోటో వచ్చాకే వ్యాన్ ఎక్కుతా. ఇరవయ్యో తారీఖు పొద్దున్న డబ్బాలు దించుకోడానికి ఆ ఎలక్ట్రీషియన్ని కూడా రమ్మను.

అక్క

*

ఇరవై ఏడో తారీఖు (నువ్వు అన్నీ తెచ్చి దించి వెళ్ళి నెల దాటింది!)

ప్రియమైన అక్కకి,

కౌంటర్లోంచే, వేళ్ళు ఆగట్లేదు, తప్పులుంటే సర్దుకో!

పగడాలన్నీ విచ్చుకున్నాయి. ఆకుపచ్చది చెయ్యంత అయింది. మూడు నత్తలూ గాజంతా నున్నగా తుడిచిపెట్టేశాయి. షాపుకొచ్చినవాళ్ళు పైపుల కంటే ముందు చేపల గురించే అడుగుతున్నారు. అది కాదు సంగతి!

ఇవాళ పొద్దున్న అద్దం లోపలివైపు తుడుద్దామని చెయ్యి పెట్టా. దొరసాని దూసుకొచ్చి కరిచింది! అబ్బా అని చెయ్యి లాగేసుకున్నా. మళ్ళీ పెడితే మళ్ళీ కరిచింది. నా ఇంట్లో, నేను కలిపిన నీళ్ళలో, నన్నే! మీ మరదలు పడీపడీ నవ్వింది. తర్వాత ఆవిడే టార్చి తెచ్చి చూసింది. నీ పెద్ద రాయి వెనక నారింజరంగు చుక్కలు, వందల్లో, ముత్యాల్లా అంటుకుని ఉన్నాయి. గుమాస్తా పక్కనే నిలబడి రెక్కలతో వాటికి విసురుతున్నాడు, మేత వేసినా కదలట్లేదు.

గుడ్లేనా అక్కా? నీ దగ్గర తొమ్మిదేళ్ళలో ఎప్పుడైనా పెట్టాయా? మాకు చేతులూ కాళ్ళూ ఆడట్లేదు. దీపం ఆర్పాలా, ఉంచాలా? ముందు బయల్దేరు, ఉత్తరం దార్లో రాద్దువుగాని!

కరిపించుకున్న నీ తమ్ముడు