తప్పు వరుసలో పడిన పాట

పాడి స్తుతించమని వాక్యం ఆజ్ఞాపిస్తుంటే, గొంతు మూసుకునే హక్కు నీకెవరిచ్చారు? నేను సేవకని ఈ ఊరికి వచ్చేశాక నువ్వు పాడటమే మానేశావని మీ చెల్లెలు చెప్పింది. నేను క్షేమం. ఆన్‌లైన్‌లో ఎవరైనా నా ప్రసంగం రికార్డింగుకు డబ్బు కట్టగానే, కంప్యూటరు షీటులో ఆ ప్రసంగానికెదురుగా నేను రాసిన లింకు వాళ్ళకు దానంతటదే వెళ్తుంది. మొన్న వరుస తప్పి, పశ్చాత్తాపం ప్రసంగానికెదురుగా నీ పాట లింకు అతికించాను. పదకొండుమందికి చేరింది. ఒక నర్సు, "అయ్యగారూ, మీరు తిట్టని ప్రసంగం ఇదొక్కటే. ఆ అమ్మ సగంలో ఆపేసిందేం?" అని రాసింది. ఆ రోజు నేను రికార్డు చేస్తుంటే, పాలు పొంగాయని ఆపావు. ఆ సగాన్నే నేను రోజూ వింటున్నాను. ఫోనులో అడగబోతే అదీ ప్రసంగమైపోతోంది, అందుకే ఈ కార్డు. మన పాపకు జ్వరం తగ్గిందా? కిటికీ గడియ బాగుచేయించావా? ఇద్దరికీ నా దీవెనలు. రేపనకు, కార్డు అందిన ఈ రోజే మిగతా సగం పాడి పంపు.