పడవ దాటని ఆఖరి భాగం

అక్కా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మనం వారం వారం ఎదురుచూసి చదివిన సీరియల్ పోయిన నెల మంచిర్యాలలో పుస్తకంగా దొరికింది. సిరొంచ మహారాష్ట్రలోది, నేను చెప్పే బడి మరాఠీది కదా, పిల్లలకు ఇంట్లో తెలుగు మాటే గానీ చదవడం రాదు. అందుకే బడి వదిలాక ఆడపిల్లలకు నేనే చదివి వినిపిస్తున్నాను.

"గిసోంటి కథలు ఆడపిల్లలకెందుకు మేడం?" అన్నారు హెడ్మాస్టర్.

"గిసోంటి కథలతోనే నాకు తెలుగు చదవడం వచ్చింది సార్," అన్నాను.

నిన్న ఆఖరి భాగానికి వచ్చాం. అది పడిన వారం గోదావరి పొంగి, అవతలి ఒడ్డు నుంచి వచ్చే పడవ ఆగింది, పత్రిక మనకు రానేలేదు. నీళ్లు తగ్గాక నువ్వు ఏరు దాటి కాళేశ్వరంలో మేనత్త ఇంటికి వెళ్లొచ్చి, "అత్తోళ్లింట్ల సదివిన, చెప్త విను," అన్నావు. హీరోయిన్ హీరో తొడిగిన ఉంగరం తీసి అతని బల్ల మీద పెట్టి, నౌకరీలో చేరడానికి బస్సెక్కిందన్నావు. ఆ బస్సును తలుచుకునే నేను టీచరు చదువుకు, డీఎడ్‌కు వెళ్లాను.

పుస్తకంలో బస్సు లేదక్కా. ఆమె అతని కాళ్ల మీద పడుతుంది. అతను క్షమిస్తాడు.

ఆ మాటలు పైకి చదవకుండా ఆగాను.

"ఇగ ఏమైంది మేడం?" అంది పాతగూడెం నుంచి వచ్చే సరిత.

పుటలోంచి కళ్లెత్తకుండా ఉంగరం బల్ల మీద పెట్టించాను. ఆమెను బస్సెక్కించాను.

"మస్తు రాసిండ్రు మేడం! ఎవరు రాసిండ్రు?"

నీ పేరు చెప్పాను.