తోలు గీతకు, కట్టె ఉపేందర్‌కు

సూర్యాపేటలో కిరాయి ఇంట్లో ఉంటున్న, కీర్తిశేషులు లింగన్న చిన్న కొడుకు, ‘రాళ్ళవాన’ రాక్ బ్యాండ్ డ్రమ్మర్ భాస్కర్ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసుకుంటున్న వీలునామా ఇది. నాకు చెడింది లివరు, బుద్ధి కాదు. ఆ మాట డాక్టరు చేత కాగితం మీద రాయించి జతచేశాను. ఇదివరకు నేను రాసినవేమైనా బయటపడితే అవి తాగి రాసినవి, చెల్లవు.

1. ఈ వీలునామాను అమలు చేయవలసినవాడు మా బ్యాండులో బేస్ గిటార్ వాయించిన దేవసహాయం. ఇప్పుడు కోదాడలో వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు. మఠంపల్లి దగ్గర నేను బైకుతో సహా కృష్ణలో పడ్డప్పుడు జుట్టు పట్టి ఒడ్డుకు లాగాడు, లాగాక నాలుగు తన్నాడు. నన్ను తన్నే హక్కున్న మనిషి అతనొక్కడే కనుక నా సామాను మీద అధికారం కూడా అతనికే ఇస్తున్నాను.

2. మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే బద్రీనాథ్ ఒకప్పుడు మా గాయకుడు. గొంతు లేకపోయినా తండ్రికి మిల్లు ఉంది కాబట్టి మైకు దక్కింది. మా రికార్డుల్లోని నా డ్రమ్ము దెబ్బలను నన్నడగకుండా డీజే బండ్లవాళ్ళకు అమ్ముకున్నాడు. పెళ్ళి బారాతుల్లో అవి మోగుతుంటే నేను వేరే సందులోంచి పోతాను. కోదాడ కాలేజీ స్టేజీ మీద డ్రమ్ముకు నిప్పంటించి, బీరు పోసి ఆర్పి, ఆపైన నేను కక్కుకున్న నల్ల లెదర్ జాకెట్టును అతనికి ఇస్తున్నాను. ఉతికించలేదు. అలాగే అప్పగించాలి. రాళ్ళవాన పాటల్లో నా వాటా హక్కులు మాత్రం గీతవి.

3. గీత నా చెల్లెలు నాగరాణి కూతురు. చివ్వెంలలో ఉంటుంది. డ్రమ్ సెట్టు, సింబల్స్, పుల్లలు అన్నీ ఆమెకే. పెద్ద డ్రమ్ములో మా వదిన కొన్నాళ్ళు రాత్రిపూట కోళ్ళను కమ్మి మూసింది, ఆ కంపు పోదు, గీత క్షమించాలి. చిన్నప్పుడు ఒకసారి నా వాయింపు విని, “మామా, ఉరుకుతున్నవ్, జర ఆగు” అన్నది. ఎంతమంది చెప్పినా నేను విననిది ఆ ఒక్క మాటే. ఆ పిల్ల చెబితే విన్నాను.

4. ఇక అసలు సంగతి, మా నాయన డోలు. హైదరాబాదులో కుర్రాళ్ళు రాక్ అని ఊగిపోయిందంతా గొర్లూ మేకలూ కాసే మా వాళ్ళ గట్టు జాతరలో మా నాయన దేవుడి ముందు వాయించిందే. నేను వేగం పెంచాను, వెంట్రుకలు పెంచాను, అంతే.

తను పెద్దకొడుకు కనుక డోలు తనదేనంటాడు మా అన్న ఉపేందర్. పోయిన జాతరలో గీత దాని మీద చెయ్యి వేసింది. “ఆడివిల్ల ముట్టుకుంటె మంద ఖతమైతది” అని జనం నడుమ అరిచి, పిల్ల నిలబడి చూస్తుండగానే శుద్ధి పేరుతో డోలు మీద చెంబెడు పసుపునీళ్ళు కుమ్మరించాడు. తోలు తడిసి సడలిపోయింది. ఆ జాతరలో లింగన్న ఇంటి డోలు మోగలేదు. డోలువాళ్ళ ఇంట పుట్టి తోలు మీద నీళ్ళు పోసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అసలు అతనికి మంద ఎక్కడిది? ఎన్నడో అమ్మి ప్లాట్లు కొన్నాడు. నాయన నాగరాణికి ఇచ్చిన మేకల సంతతి ఒక్కటే మా ఇంటి మందగా మిగిలింది. ఆ మందలోని మేకతోలు తెచ్చి, ఎండబెట్టి, నా చేతులతో నేనే డోలుకు మళ్ళీ కట్టాను.

వకీలు చెప్పినదాని ప్రకారం డోలు కట్టె, అంటే తోలు ఎక్కించే చెక్క గుల్ల, పిత్రార్జితం, నా ఇష్టానికి రాయడం కుదరదు. రెండు వైపుల తోళ్ళూ, తాళ్ళూ నా స్వార్జితం. కాబట్టి నా అంత్యక్రియలు ముగిశాక దేవసహాయం డోలు విప్పి, తోళ్ళూ తాళ్ళూ గీతకు, కట్టె ఉపేందర్‌కు ఇవ్వాలి. మా డోలుకు మా మందలోని తోలే ఎక్కాలన్నది ఇంటి కట్టుబాటు. దాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు ఉపేందరే. వచ్చే జాతరకు డోలు మోగాలంటే అతను చివ్వెంల పోయి గీతను అడుక్కోవాలి. ఆమె ఇస్తే, వాయించేది ఆమే.

5. నా చావుకు డీజే వద్దు, ఫ్లెక్సీ వద్దు, నేను మంచివాణ్ణని ఎవరూ అబద్ధాలు చెప్పొద్దు. శవం ముందు గీత డోలు వాయించాలి. ఆమె వాయించనిదే పాడె లేవకూడదు. ఉపేందర్ అడ్డం పడితే పడనివ్వండి, కానీ ఐసు పెట్టె తెప్పించకండి. నేను బతికినన్నాళ్ళూ ముక్కులు మూసుకున్న చుట్టాలే కదా, ఇంకాసేపు మూసుకుంటారు. ఆ పిల్ల చేతికి డోలు పుల్ల అందేదాకా నేను కదలను.

సూర్యాపేట, 2025 ఆగస్టు 19.

(సంతకం) భాస్కర్

మా కళ్ళముందు సంతకం చేశాడు. తాగి లేడు.
సాక్షులు:
1. సత్యవతి, నర్సు, సూర్యాపేట
2. మంగ్లీ, ఇంటి యజమానురాలు (వేలిముద్ర)