తుడిచేసిన తప్పు

హెడ్‌మిస్ట్రెస్ గారికి నమస్కారం.

నా భార్య పోయాక ఆమె ఎనిమిదో తరగతి లెక్కలు నాకు అప్పగించారు. నా క్లాసులో చీమ చిటుక్కుమనదని మీరే మెచ్చుకునేవారు. ఇప్పుడు అదే నన్ను భయపెడుతోంది.

మొన్న ఒక పిల్ల బోర్డు మీద లెక్క తప్పు చేసింది. అలవాటు కొద్దీ తుడిచేశాను.

“అయ్యో, చెరిపేశారేంటి సార్! టీచరైతే చుట్టూ గీత గీసి, ‘ఎక్కడ జారిందో మీరే తేల్చండర్రా’ అని వెనక బెంచీలో కూర్చునేవారు. మేం వాదించుకుని చచ్చేవాళ్లం,” అంది.

అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పలేదు. మళ్లీ నేను చెప్పింది బుద్ధిగా రాసుకున్నారు.

రేపటి నుంచి సుద్దముక్క వాళ్లకిచ్చి ఆ బెంచీలో కూర్చుంటాను. గోల వినిపిస్తే దయచేసి ఆపించకండి. ఆ గది కూడా మూగబోతే నాకిక బడికీ ఇంటికీ తేడా ఉండదు.

ఇట్లు,
లెక్కల మాస్టారు