కొబ్బరికాయ నిలబడిన చోటు

మార్చి 3

పొద్దున్నే అప్పలనాయుడి స్థలం. మొన్నటిదాకా జీడితోట. ఇప్పుడు వరసగా అద్దె గదులు లేస్తున్నాయి, ఎయిర్‌పోర్టు పనులకొచ్చిన వాళ్ల కోసం. బోరుకి నీళ్లు చూడమని పిలిచాడు.

కొబ్బరికాయని అరచేతిలో పడుకోబెట్టి నడిచాను, కింద నీరున్న చోట అది లేచి నిలబడుతుంది. పడమటి మూల కొంచెం లేచింది. తూర్పు గోడ పక్కన నిటారుగా నిలబడింది. గోడ అవతల నా తోడబుట్టిన పెద్దది, మా అప్ప ఇంటి నుయ్యి. పది అడుగులు కూడా ఉండదు.

'ఇక్కడేనా మావా?' అన్నాడు అప్పలనాయుడు.

పడమటి మూల అనొచ్చు. అక్కడ నీళ్లు తక్కువ పడితే నా పేరు పోతుంది... చుట్టూ అంతమంది చూస్తున్నారు. తూర్పు గోడ పక్కనే మడమతో గుర్తు పెట్టాను.

మార్చి 5

నీళ్లు పడ్డాయి. మనిషెత్తున ఎగజిమ్మాయి. నాకు కండువా కప్పారు. 'మావ సెప్తే తప్పదు' అన్నారు. ఒళ్లు పొంగింది. రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ పొంగింది.

అన్నం వడ్డిస్తూ మా ఆవిడ — 'మీ అప్ప నూతికి ఏటవ్వదా?'

పులుసు వెయ్యమన్నాను.

మార్చి 22

గదులకి సున్నం ఆరకముందే జనం దిగారు. ఒరిస్సా వాళ్లు, బీహారు వాళ్లు. గదికి ఆరుగురు. మోటారు ఆగదు. వాళ్లనేం అంటాం, వాళ్లూ స్నానం చెయ్యాలి కదా.

ఏప్రిల్ 4

అప్ప ఫోను. 'తాడు సాల్లేదురా, ఇంకో రెండు మూరలు ముడేసినాను. ఆ బోరు వల్లేటి?'

'బోరుది లోతు నీరు, నూతిది పై నీరు. దానికీ దీనికీ సంబంధం లేదప్పా.'

నమ్మేసింది. నేను చెప్పాను కదా మరి.

ఏప్రిల్ 13

అప్ప ఇంటికి వెళ్లాను. చేదలో బురద. పాత చీరతో వడగడుతోంది. అప్ప కాపరానికి వెళ్లిన కొత్తలో ఆ నూతి మీద నలుగురే. ఇప్పుడు బావ, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, పిల్లలు... పదకొండు మంది. చిన్న కోడలికి ఆరో నెల.

అప్ప బిందె పట్టుకుని అప్పలనాయుడి గదుల కొళాయికి వెళ్తోందట. అక్కడ ఒరియా అమ్మాయొకతె తన బిందె పక్కకి తీసి అప్పకి చోటిస్తుందట. 'మంచి పిల్లరా.'

టీ తాగకుండా వచ్చేశాను. ఆ టీలో నీళ్లు ఎక్కడివో నాకు తెలుసు.

ఏప్రిల్ 14

రాయబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ 20

అప్ప చిన్న కోడల్ని తిట్టింది. తలంటుకుందని. 'ఉన్నోలకే దిక్కు నేదు, ఇంకొకలు వస్తన్నారు. ఇంతమందిమైపోతే నుయ్యి ఏటి సేస్తాది?'

ఆ పిల్ల తడిజుట్టుతో పెరట్లో అలాగే నిలబడిపోయింది. బావ నేల చూశాడు. నేనూ నేలే చూశాను.

ఇంట్లో మనుషులు పెరిగారు, నిజమే. ఊరూ పెరిగింది. నిజమే కనకనే దాని వెనక దాక్కోవడం నాకింత తేలికైంది. వెధవని.

మే 2

కాయ పట్టుకుని రమ్మంది అప్ప. వాళ్లూ బోరు వేయిస్తారట.

పెరడంతా నడిచాను. ఎక్కడా కదల్లేదు. చివరికి ఉత్తరపు కంచె దగ్గర లేచింది. కంచె అవతల పైడమ్మ నుయ్యి. ఒంటరి మనిషి. నాలుగు మడుల్లో వంగ, బెండ పెంచుకుని బతుకుతోంది. అప్ప నా చేతి వైపే చూస్తోంది... మణికట్టు వంచాను. కాయ కింద పడింది.

'నేదా?'

'లేదప్పా.'

ఇన్నేళ్లలో కాయ పట్టుకుని అబద్ధం ఆడటం ఇదే మొదలు. పైడమ్మ మంచికే ఆడాననుకుందామంటే మార్చిలో పెట్టిన మడమ గుర్తు కళ్లముందే ఉంది.

అప్పకి నా మీద కోపం రాలేదు. చిన్న కోడలి వైపు తిరిగి 'సూసినావా' అంది. అంతే.

అప్పుడైనా నోరు తెరవాల్సింది.

మే 6

చిన్న కోడలు బొబ్బిలి వెళ్తోంది, పుట్టింటికి. కాన్పయ్యేదాకా అక్కడేనట. అక్కడ నీళ్లకి ఇబ్బంది లేదట. ఎవరూ పొమ్మనలేదు, తనే వెళ్తానంది — అని అప్ప రెండుసార్లు చెప్పింది. రోడ్డు దాకా దిగబెట్టమని నాకే అప్పజెప్పింది.

సంచి నేను మోశాను. అప్పలనాయుడి గదుల ముందు నుంచే దారి. మేడ మీద ట్యాంకు నిండి గోడ వెంట కారుతోంది. ఆ పిల్ల ఆగి చూసింది. రోడ్డెక్కాక అడిగింది.

'మావయ్యా... లోతు నీరు వేరు, పై నీరు వేరని మీరు సెప్పినారంట గదా. నిజిమేనా?'

'ఆటో వస్తోందమ్మా' అన్నాను.

రోడ్డు మీద ఏమీ లేదు. ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం.