తాళం వేసిన ఇల్లు

ఆరోగ్య కేంద్రం డాక్టరుగారికి,

నమస్కారం పెట్టే మనసు లేదు కాబట్టి విషయమే రాస్తున్నాను. నర్సు నెలనెలా మా కాలనీ ఇళ్ళకే వచ్చి బీపీ చూసి మాత్రలిస్తుందని మీరే మైకులో చెప్పారు. పక్షవాతంతో మంచాన పడ్డ మా అత్త కామమ్మ దగ్గరికి మూడు నెలలుగా ఎవరూ రాలేదు. మాత్రలు అయిపోయి నేను వస్తే, ఇంటికే తెస్తాం పొమ్మన్నారు. పోయిన వారం మళ్ళీ పక్షవాతం కొట్టి అత్తకు మాట పడిపోయింది.

నిన్న వచ్చి అడిగితే మీ నర్సు ఫోను చూపించింది. "మూడు తూర్లు వచ్చినాం మా, తాళం ఏసుండాది. ఇదో, ఫోన్లో ఎక్కించినాం గదా."

అయ్యా, ప్రభుత్వం మాకు ఇల్లిచ్చిందే గాని తలుపు బిగించలేదు. వాకిలికి పాత వల కట్టుకున్నాం. రోడ్డు మీద నిలబడితే ఆ వలలోంచి అత్త మంచం కనిపిస్తుంది. నర్సు దాటిపోకూడదని ఆవిడే మంచం అక్కడ వేయించుకుంది. సంచి పట్టుకుని పోయే ప్రతి ఆడమనిషినీ "నర్సమ్మా, మా ఇల్లు ఇదే" అని పిలిచేది. ఇక పిలవలేదు.

ఈ ఉత్తరంతో పాటు కొత్త తాళం ఒకటి పంపుతున్నాను. మా ఇంటికి దీన్ని ఎక్కడ వేయాలో నాకు తెలియలేదు. మీ నర్సుకు తెలుసు కదా, వచ్చి వేసి చూపించమనండి.

తలుపు లేని నలభై ఒకటో నంబరు ఇంటి కోడలు